మందకొడి అంటే

మా బడిలో సిగ్నల్ ఒక్కచోటే దొరుకుతుంది. తొమ్మిదో తరగతి గది తూర్పు కిటికీలో, ఎడమ నుంచి రెండో ఊచకూ మూడో ఊచకూ నడుమ. అక్కడ నా ఫోను నిలబెడితే గోడకున్న పెద్ద డిజిటల్ బోర్డు నెట్టు అందుకుని మేల్కొంటుంది. బెత్తెడు జరిగిందా, బోర్డు మీద చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. కిటికీ అవతల వంట షెడ్డు. పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే బిక్షమ్మే మా ఇంటర్నెట్టుకు కావలి. పొగ కమ్మితే కొంగుతో ఫోను తుడుస్తుంది. కోతి వస్తే గంటె పట్టుకుని లేస్తుంది.

నేను సోషల్ టీచరును. పేరు నవనీత. పుట్టిల్లు నారాయణపేట, మెట్టినిల్లు ఆలేరు, ఉద్యోగం మోత్కూరుకు అవతల ఈ ఊళ్లో. మోత్కూరు నుంచి పేపరు తెచ్చే బస్సు మా ఊరికి చేరేది పదిన్నరకు. పొద్దున్నే ప్రార్థన దగ్గర వార్తలు చదవాలంటే నిన్నటి పేపరే దిక్కు. పిల్లలకు ఆ వార్తలన్నీ ముందురోజే టీవీలో తెలిసిపోయేవి. చదివేవాడు చదివేవాడే, గోక్కునేవాడు గోక్కునేవాడే.

అందుకే రోజూ మూడో పీరియడులో ఇరవై నిమిషాలు తీసుకుని వార్తల సైటు తెరవడం మొదలుపెట్టాను. శుక్రవారం మాత్రం వార్తలు కాదు, వ్యాసాలు వేసే ఒక సైటు నుంచి ఏదో ఒక వ్యాసం. చదివిన ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడగాలని నియమం. అవి నల్లబల్ల మీద పైన, ఎవరూ తుడపకుండా, పిల్లల మాటల్లోనే రాసి పెట్టాను.

ఎవలు చెప్పిండ్రు?

ఆళ్లకెట్ల తెల్సు?

మనకాడ గట్లనే ఉంటదా?

హెడ్మాస్టరు వెంకటయ్య సారుకు ఇది నచ్చలేదు. “ఫోన్లు చూడొద్దని మనమే చెప్తిమి, మనమే చూపెడ్తిమి. ఏం న్యాయం మేడం ఇది?” అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

రోజుకొకరు లేచి వార్త చదివి, తమ మాటల్లో చెప్పాలి. డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు మల్లీశ్వరి వంతు వచ్చింది. ఊరి చివర గొర్రెలు కాసే బీరన్న కూతురు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొంతు మాత్రం గట్టిది. పొలం అవతల ఉన్న గొర్రెను పిలిచి పిలిచి గట్టిపడిన గొంతు. ఆ పిల్ల చదివితే బిక్షమ్మ పొయ్యి దగ్గరి నుంచే వినేది, కిటికీ దగ్గరకు రానక్కర లేకుండా.

“కొనుగోలు కేంద్రాల్లో మందకొడిగా సాగుతున్న ధాన్యం కొనుగోళ్లు,” అని మల్లీశ్వరి చదివింది. తర్వాత మా వైపు తిరిగి నవ్వు ముఖంతో చెప్పింది. “మంచి వార్త మేడం. వడ్లు మంచిగ కొంటున్నరంట.”

“మంచిగనా?” రిత్విక్ లేచి నిలబడ్డాడు. వాళ్లది వరి సేద్యం. “మా బాపు పదిహేను దినాల సంది వడ్లకుప్ప కాడికెల్లి ఇంటికి రాలే. ఆడనే తినుడు, ఆడనే పండుడు. మంచిగనట, మంచిగ!”

“గట్లనే రాసిండ్రు మరి. మందకొడిగ అని.” మల్లీశ్వరి వెనక్కి తగ్గలేదు. “మంద నడిచినట్టు అని. నిమ్మలంగ, మేసుకుంట, ఒక్కటి తప్పిపోకుంట.”

“మరి కొడి అంటేందే?”

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. “ముంగట నడిచే గొర్రె గావచ్చు.”

తరగతి నవ్వులతో పగిలిపోయింది. బెంచీలు చరిచారు. ఒకడు “మే... మే...” అని అరిచాడు. నేను కోప్పడాలి. కోప్పడలేదు. నేను కూడా నవ్వాను, బల్ల పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఆ తర్వాత, “మందకొడి అంటే పని నత్తనడకన సాగుతున్నదని బిడ్డా, గొర్లకూ దానికీ సంబంధం లేదు,” అని నల్లబల్ల మీద అర్థం రాశాను.

మల్లీశ్వరి కూర్చుంది. బిక్షమ్మ గంటె చప్పుడు ఆగి ఉంది. కిటికీలోంచి నా వైపు చూసి, మళ్లీ పప్పు కలుపుకుంది.

ఆ పూట నుంచి మల్లీశ్వరి పేరు పోయింది. “ఏ మందకొడీ, పెన్నియ్యి.” “మందకొడి వచ్చింది, జరుగుండ్రి.” నా ముందు అనేవాళ్లు కాదు గానీ నాకు వినిపించేది. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల గొంతు నొప్పి అనేది. నెలన్నరలో మూడుసార్లు గొంతు నొప్పి.

ఫిబ్రవరిలో ఒక సోమవారం బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం సాయంత్రం నేను బస్సెక్కకుండా వాళ్లింటికి నడిచాను.

వాకిట్లో బీరన్న వలలు మడుస్తున్నాడు. గొర్రెలను పొలంలో ఆపడానికి చుట్టూ కట్టే వలలు. గోనె సంచుల్లో జొన్నలు, గిన్నెలు, ఒక చిన్న పొయ్యి. అరుగు మీద ఆయన తల్లి బక్కమ్మ నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. వారం కిందటే దవాఖానలో కంటికి ఆపరేషన్ అయిందట.

“రాండ్రి టీచరమ్మా,” అని బీరన్న తువ్వాలతో మంచం దులిపాడు. “ఎల్లుండి మందతోటి బయలెల్తున్నం. మిర్యాలగూడ దిక్కు, కాలువ కిందికి. ఈడ గడ్డి ఎండిపాయె. ఆడ వరికోతలైతే కొయ్యకాళ్లు దొరుకుతయి. మళ్ల తొలకరికే వచ్చుడు.”

“మల్లీశ్వరి?”

“ఎంబడే వస్తది. యేటా మా అవ్వ వచ్చి వండిపెడుతుండె. ఈ యేడు అవ్వ కండ్లు గిట్లాయె. మా ఇంటామె అవ్వ కాడ ఉండాలె, గొర్రెపిల్లల కాడ ఉండాలె. మరి మాకు బువ్వ ఎవలొండాలె?”

మల్లీశ్వరి తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడటం లేదు. ఆమె వెనక గోడకు ఒక బడి సంచి వేలాడుతోంది. అది ఆమెది కాదు, అన్న మల్లేశ్‌ది. నాలుగేళ్ల కింద ఎనిమిదో తరగతిలో ఉండగా వాడూ ఇలాగే ఒక్క వేసవికని మందతో పోయాడు. మళ్లీ బడి మెట్టెక్కలేదు. ఇప్పుడు వాకిట్లో కుక్కకు గొలుసు కడుతున్నాడు, మీసాలొచ్చాయి.

“బీరన్నా, వచ్చే యేడు పదో తరగతి. నడుమల ఆపితే మల్ల రాదు. తెలుసు గదా నీకు.”

“ఎందుకు రాదు, వస్తది. మందకొడిగ వస్తది,” అన్నాడు మల్లేశ్ తల ఎత్తకుండా.

ఇంట్లోకి కూడా వచ్చింది ఆ పేరు. మల్లీశ్వరి లోపలికి వెళ్లిపోయింది. నాకు మంచం మీద కూర్చోబుద్ధి కాలేదు.

బీరన్నకు ఆ మాట కథ తెలియదు. నా ముఖం చూసి మరేదో అనుకున్నట్టున్నాడు. “ఫికర్ చెయ్యకుండ్రి టీచరమ్మా. నా తాన పెద్దఫోన్ ఉన్నది. బడిల చెప్పేది గందుల పంపుండ్రి. సదివితే సదువుద్ది. నేనైతే బలిమి చెయ్య, వద్దన,” అన్నాడు.

మరునాడు వెంకటయ్య సారు రిజిస్టరు తెరిచి కళ్లద్దాల మీంచి చూశారు. “నెల దాటితే బడి మానేసినోళ్లల్ల రాయాలె. నేను రాయను. పేరు పదో తరగతి దాక నేను మోస్త. మనిషిని తెచ్చుడు మాత్రం మీ పని,” అన్నారు. ఆ గడిలో పెన్సిల్‌తో చిన్నగా ‘మంద మీద ఉన్నది’ అని రాసుకున్నారు. ఆ పెన్సిల్ రాతకు సారుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రోజూ మూడో పీరియడు అయిపోగానే ఆ పూట చదివిన వార్త లింకు బీరన్న ఫోనుకు పంపాను. కింద మూడు ప్రశ్నలూ రాశాను. ఒకరోజు, రెండు రోజులు, వారం. చూసినట్టు గుర్తు పడేది. జవాబు లేదు. రెండో వారం కూడా అంతే.

పదిహేనో రోజు వంట షెడ్డు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటుంటే బిక్షమ్మ అంది: “రోజూ వార్తలే పంపుతవాయె. అసలు చెప్పాల్సిన ముచ్చట చెప్పినవా?”

“ఏం ముచ్చట?”

“నాకేమెరుక? నవ్వింది నువ్వు. నేనా?”

ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. వేపచెట్టు కింద ఒక్కదాన్నే నిలబడి ఫోనులో నా మాట రికార్డు చేశాను.

“మల్లీశ్వరీ, ఇది వార్త గాదు. మా నాయిన మగ్గం నేసేటోడు. చీర నేసేటప్పుడు నిలువు దారాన్ని పడుగంటరు, అడ్డం దారాన్ని పేకంటరు. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు ప్రార్థన కాడ పేపర్ చదివిన. ‘పేకాట ఆడుతున్న ఏడుగురి అరెస్టు’ అని ఉన్నది. నాకు కాళ్లు వణికినయి. పేకతోటి ఆడితే పోలీసులు పట్కపోతరా అనుకున్న. మా ఇంట్ల దినాం పేకే గదా. చదువుడు ఆపి, సార్, మా నాయినను గూడ పట్కపోతరా అని అడిగిన. సారు నవ్విండు. బడంత నవ్వింది. పేకముక్కలని ఉంటయని నాకెవ్వలు చెప్పలే. గంట కొట్టంగనే ఇంటికురికిన, మా నాయిన మగ్గం గుంతల ఉన్నడో లేడో చూద్దామని. మూడేండ్లు నన్ను పేకా పేకా అని పిలిచిండ్రు. మల్ల పదో తరగతి అయ్యేదాక నేను పేపర్ ముట్టలే. గంత తెలిసినదాన్ని, నిన్ను చూసి నవ్విన. తప్పు నాది బిడ్డా.”

కిటికీ దగ్గరికి పోయి పంపేశాను.

మర్నాడు పొద్దున బస్సులో ఉండగా ఫోను మోగింది. నలభై సెకన్ల మాట. మొదట గాలి, తర్వాత గొర్రె గంటలు, తర్వాత ఆ గట్టి గొంతు.

“మేడం... మరి మీ నాయిన ఉన్నడా మగ్గం గుంతల?”

ఆగింది. వెనక నుంచి బీరన్న, “ఉన్నడా లేడా అడుగు, నాకు నిన్నటి సంది అన్నం పోతలేదు,” అన్నాడు. తండ్రీకూతుళ్లు ఇద్దరూ కిసకిసా నవ్వారు. బస్సులో నేనూ నవ్వాను. పక్కన కూర్చున్నామె సర్దుకుని అటు జరిగింది.

ఆ రోజు నుంచి మాకు మంద మీది నుంచి వార్తలు రావడం మొదలైంది. మేం వెబ్‌సైటులో చదివింది ఆమెకు పంపితే, ఆమె తను చూసింది మాకు పంపేది. మూడో పీరియడులో సైటు వార్త ఒకటి, మల్లీశ్వరి వార్త ఒకటి. “కాలువల నీళ్లు రేపటి సంది బంద్ అంట. ఎవలు చెప్పిండ్రు? లస్కరు చెప్పిండు. ఆయనకెట్ల తెల్సు? కాలువ తలుపు దించేది ఆయన్నే.” ఇంత పొందికగా నా తరగతిలో ఎవరూ జవాబు చెప్పలేదు. రిత్విక్ లాంటివాడు కూడా నోరు మూసుకుని విన్నాడు. మూసుకున్నాడు గానీ ఇంకా మందకొడి అనే అనేవాడు.

దానికి మందు ఒక శుక్రవారం దొరికింది. మనవరాలి గొంతు బడిలో గోడ మీది నుంచి వినిపిస్తోందని బిక్షమ్మ బక్కమ్మకు చెప్పిందట. నల్లద్దాలు పెట్టుకుని, కర్ర పట్టుకుని, బక్కమ్మ వంట షెడ్డులోకి వచ్చి కిటికీ కింద బియ్యం బస్తా మీద కూర్చుంది. లోపల రిత్విక్ అన్నాడు: “మేడం, మందకొడి వార్త పెట్టుండ్రి.”

“గదేం పేరురా?” కిటికీలోంచి బక్కమ్మ అడిగింది.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి రిత్విక్కే మెల్లగా జరిగిందంతా చెప్పాడు. దాచకుండా చెప్పాడు, అది వాడి మంచితనం.

బక్కమ్మ విని, “ఇందుల నగేదేముందిరా?” అంది. “మంద మెల్లగ పోతాందంటే కడుపులు నిండుతున్నయన్నట్టు. ఉరుకుతాందంటే ఎనుక కుక్కో తోడేలో పడ్డట్టు. నేను అరవై యేండ్లు మంద ఎంబడి నడిచిన. నడక చూసి చెప్తం మేము, మంచో చెడో. నా మనుమరాలు తప్పేం చెప్పింది? మీ వడ్లు కొనేటోళ్లకు గొర్రె నడక తెల్వకపాయె, గది ఆళ్ల కర్మ.”

ఎవరూ నవ్వలేదు. రిత్విక్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజుతో ఆ పేరు ఆగిపోయిందని చెప్పను. ఆగలేదు. కానీ పలికే తీరు మారింది. క్లాసులో ఎవడైనా లెక్క తప్పు లేకుండా నిదానంగా చేస్తే, “మందకొడిగ చేసిండురా,” అనేవాళ్లు.

అదే రోజు మేం చదివిన వ్యాసం పేరు ‘పచ్చదనాన్ని మేస్తున్న మందలు’. ఊరూరా తిరిగే మందలు రోడ్ల పక్క నాటిన మొక్కలను బతకనివ్వడం లేదని, కాపరులందరినీ ఒకచోట షెడ్లలో స్థిరపరచాలని రాశారు. చక్కగా రాశారు. చదువుతుంటే నేనే తలూపాను. లింకు మల్లీశ్వరికి పంపాను.

సాయంత్రానికి ఆరు నిమిషాల మాట వచ్చింది. సోమవారం బోర్డు మీద పెట్టాం.

“ఎవలు చెప్పిండ్రు? పేరు కింద ఉన్నది, పట్నం సారు. ఆయనకెట్ల తెల్సు? మూడు పుస్తకాల పేర్లు రాసిండు. గొర్లు కాసేటోని పేరు ఒక్కటి రాయలే. మనకాడ గట్లనే ఉంటదా? మేడం, మేమున్న పొలంల మొక్కలు లేవు, వరి కొయ్యకాళ్లున్నయి. మమ్ముల రైతులే పిలుస్తరు. మంద ఒక రాత్రి పొలంల పండితె ఎరువైతదని, నా పొలంల పెట్టు నా పొలంల పెట్టని నాయిన ఎంబడి పడుతరు. షెడ్లల్ల పెడితే గా ఎరువు పొలానికి ఎవలు మోస్తరు? సారు మోస్తడా?”

మందను అదిలించి మళ్లీ అందుకుంది. “ఒకటి మాత్రం నిజం. మొన్న రోడ్డు దాటేటప్పుడు రెండు మొక్కలు తిన్నది.”

వెనక నుంచి బీరన్న కేక: “మేక! మేక తిన్నది! గొర్రె గాదు! గది జెప్పు!”

“మా నల్లమేక తిన్నది మేడం. గొర్రె తల దించి మేస్తది, మేక తలెత్తి మేస్తది. మొక్కలకు మేకతోటే తిప్పలు. మందల రెండొందల గొర్లకు మూడే మేకలు. సారు అన్నిటిని కలిపి రాసిండు.”

తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. కిటికీ అవతల బిక్షమ్మ కూడా. ఆ మాటలన్నీ పిల్లలు కాగితం మీద పెట్టారు. ‘సారు మోస్తడా’ తీసేద్దామన్నాను. ఉంచాల్సిందేనని రిత్విక్ పట్టుబట్టాడు. మేక సంగతి తీసేద్దామని ఇంకొకడన్నాడు, మనకే నష్టమని. దానికి ఒప్పుకోలేదు నేను. అందులో బలమున్నదే అక్కడ. కింద ‘మల్లీశ్వరి, తొమ్మిదో తరగతి, ప్రస్తుతం మంద మీద’ అని రాసి సైటువాళ్లకు మెయిల్ చేశాం.

పన్నెండు రోజులకు వేశారు. ఒక్క మాట మార్చకుండా, వ్యాసం పక్కనే. దాని కింద ఆ రచయిత రెండు వాక్యాలు రాశారు: ‘గొర్రెలనూ మేకలనూ ఒకే గాటన కట్టడం నా పొరపాటు. మోస్తానో లేదో మాత్రం చెప్పలేను.’

వెంకటయ్య సారు ఆ పేజీని మోత్కూరులో ప్రింటు తీయించి, స్టాఫ్ రూములో కాదు, గేటు పక్కన నోటీసు బోర్డుకు అతికించారు. అటు పోయేవాళ్లందరినీ ఆపి, “మా పిల్లనే రాసింది. ఫోన్ల చదివి, ఫోన్లనే రాసింది,” అని చెప్పారు. ఫోన్ల మీద ఆయన కోపం ఏమైందో నేను అడగలేదు.

ఇంత జరిగినా నా గుండెలో రాయి అలాగే ఉంది. వార్తలు చెప్పడం వేరు, వచ్చి బెంచీ మీద కూర్చోవడం వేరు. మల్లేశ్ కూడా మొదటి రెండు నెలలు బడి ముచ్చట్లు అడిగేవాడట.

జూన్‌లో బడి తెరిచాం. తొమ్మిదో తరగతివాళ్లు పదికి వచ్చారు. నెట్టు కోసం గది మాత్రం మార్చలేదు. మల్లీశ్వరి రాలేదు. మొదటి వారం పోయింది. బీరన్న ఫోను కలవలేదు. బక్కమ్మను అడిగితే, “వాన పడాలె, గడ్డి మొల్వాలె, మంద మర్లాలె,” అంది. వాన జాడ లేదు. ఆ శనివారం సైటులో పెద్ద అక్షరాలతో ఉంది: ‘మందకొడిగా కదులుతున్న రుతుపవనాలు’.

రిత్విక్ చదివి, ఆగి, నా వైపు చూశాడు. “మేడం, గీ మందకొడి మంచిదా, చెడ్డదా?”

“మల్లీశ్వరి వచ్చినంక అడుగుదాం.”

“వస్తదా మేడం?”

నల్లబల్ల మీది మూడు ప్రశ్నల్లో అది లేదు.

మరో వారం గడిచాక, బుధవారం సాయంత్రం వాన పడింది. ఒక్క వానతో ఆగలేదు, మూడు రోజులు కొట్టింది. ఆదివారం మధ్యాహ్నం బీరన్న ఫోను చేశాడు.

“టీచరమ్మా, ఊరు పొలిమేరకొచ్చినం. ఒక్క మాట అడుగుత, కాదనొద్దు. బడి ఎనుక జాగ ఉన్నది గద, కూరగాయల మడి.”

“ఉన్నది. ఏం పండుతలేదు గాని ఉన్నది.”

“ఇయ్యాల మంద గాడ పెడుత.”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, సారును అడగాలన్న సంగతి కూడా మరిచి, పెట్టమన్నాను.

సోమవారం పొద్దున నేను బస్సు దిగేసరికి గేటు దగ్గర సారు బండి ఆగి ఉంది. బండి చుట్టూ గొర్రెలు. సారు ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నారు. బడి వెనక మడి నిండా నల్లమిరియాలు ఆరబోసినట్టు పెంటికలు. వరండాలోనూ అవే.

“మేడం! ఎవల పనిది?” అని కేకేశారు.

బీరన్న వల చుట్టుకుంటూ వచ్చి తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. “నా పనే సార్. యాడాది పొడుగునా రైతులు మమ్ముల బతిలాడి మంద పెట్టించుకుంటరు. నేను ఒకల్ని బతిలాడి పెట్టుడు గిదే మొదలు.” ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు. “నా కొడుకు సదువు మంద ఎంబడి పోయింది సార్. గిప్పుడు నా బిడ్డ ఎంబడి బడి నడిచొచ్చింది, మిర్యాలగూడ దాక. నా తాన ఇయ్యడానికి ఏమున్నది? ఉన్నదే ఇచ్చిన.”

సారు వరండా వైపు చూశారు, మడి వైపు చూశారు, కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “మంచిది బీరన్నా. కాని జర వరండా విడిచిపెట్టాల్సుండె,” అన్నారు.

“ఊడ్చేది మీరా నేనా?” అంది బిక్షమ్మ చీపురుతో వస్తూ. నేను రెండో చీపురు తీసుకున్నాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో శాలువాలు కప్పారు, మెమెంటోలు ఇచ్చారు. అవన్నీ ఎక్కడున్నాయో నాకు గుర్తు లేదు. ఆ పొద్దున ఊడ్చిన పెంటికల వాసన మాత్రం ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. ఆ యేడు ఆ మడిలో కాసినన్ని బీరకాయలు మా బడి ఎన్నడూ చూడలేదు.

మల్లీశ్వరి వరండా చివర నిలబడి ఉంది. పాత యూనిఫారం చేతులు పొట్టివైపోయాయి. మెడ దగ్గర ఎండకు నల్లబడింది. భుజాన రెండు సంచులున్నాయి. ఒకటి ఆమెది. రెండోది గోడకు వేలాడుతుండిన మల్లేశ్‌ది.

“పుస్తకాలెక్కువైతయి గదా మేడం, పదో తరగతిల. అన్న ఇచ్చిండు,” అంది.

నేను చీపురు కింద పెట్టలేదు. పెడితే ఏడ్చేదాన్ని.

ఆ రోజు వార్తల పీరియడును మూడో గంట దాకా ఆపలేకపోయారు పిల్లలు, మొదటి గంటకే పెట్టించారు. కిటికీలో ఫోను నిలబెట్టాను. మల్లీశ్వరి లేచి జిల్లాలో విస్తారంగా వానలని చదివింది. బిక్షమ్మకు పొయ్యి దగ్గరికే వినిపించింది. చదవడం అయిపోగానే రిత్విక్ చెయ్యెత్తాడు. పదిహేను రోజులుగా దాచుకున్న ప్రశ్న అది.

“మందకొడి మంచిదా, చెడ్డదా? తేల్చు.”

“వడ్లకు చెడ్డది. గొర్లకు మంచిది. వానకైతే...” అని ఆమె ఆలోచించింది. “మొన్న మీకు చెడ్డది, మాకు గూడ చెడ్డదే.” తర్వాత నల్లబల్ల దగ్గరికి నడిచి, సుద్దముక్క తీసుకుని, మూడు ప్రశ్నల కింద నాలుగోది రాసింది. ‘ఎవలికి?’

ఆమె సుద్ద ఇంకా కింద పెట్టనే లేదు, బోర్డు మీది వార్త మాయమై చక్రం తిరగడం మొదలైంది. అందరం కిటికీ వైపు చూశాం. రెండో ఊచకూ మూడో ఊచకూ నడుమ నల్లటి మూతి ఒకటి నా ఫోను కవరును నములుతోంది.

“ఓ బీరన్నా!” బిక్షమ్మ గంటె ఎత్తి అరిచింది. “నీ మంద ఇంటర్నెట్టు మేస్తాందయ్యా!”

మడి అవతలి నుంచి బీరన్న గొంతు అంతకన్నా గట్టిగా వచ్చింది.

“మేకనా, గొర్రెనా? ముందుగాల గది జెప్పు!”